వెబ్ చిరునామాలో చిక్కుకున్న సర్వే నంబరు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మా బాబాయి గారికి పాలకొల్లుకు దగ్గరలోని ఒక పల్లెలో అరెకరం పొలం ఉంది. దాని సర్వే నంబరు 148/2. సంక్రాంతికి కొద్ది రోజుల ముందు ఒక కార్యాలయం నుంచి ఆయన ఫోనుకు మెసేజీ వచ్చింది. అందులోని లింకు నొక్కితే పొలం వివరాలు చూసుకోవచ్చునని రాశారు. ఆయన నొక్కారు. తెరమీద కనిపించింది 148 అనే మొత్తం నంబరు, దాని ఎదుట ఏనాడో పంపకాలకు ముందు ఉన్న ఒక పేరు. ఆ పేరు మా వాళ్లది కాదు. డెబ్బై దాటిన మనిషి సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికి వచ్చి, "అమ్మాయీ, నా చెక్క ఇంకెవరి పేరునో ఎక్కేసిందే" అంటూ ఫోను నా చేతిలో పెట్టారు. "పొలం ఎక్కడికీ పోలేదు బాబాయ్, లింకు తప్పుగా తయారైంది" అని చెప్పడానికి నాకు ఒక నిమిషం చాలింది గాని, ఆ మాట నమ్మి ఆయన అన్నం తినడానికి మధ్యాహ్నం మూడు గంటలు దాటింది.

నేను పంతొమ్మిదేళ్లుగా ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. బాబాయి గారిని అంత కంగారు పెట్టిన ఆ తప్పు ఏమిటో, ఎక్కడ పుట్టిందో నాకు చూడగానే తెలిసింది, ఎందుకంటే ఏటా మా ల్యాబులో విద్యార్థులు అదే తప్పు చేస్తారు, నేనూ ఒకప్పుడు చేశాను. ఫైలు పాత్‌లనూ (ఫైలు ఏ ఫోల్డరులో ఉందో చెప్పే దారులనూ) వెబ్ చిరునామాలనూ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే గుర్తుల వరుసలో ఒక ఆకారాన్ని పట్టుకునే సూత్రంతో, విడదీసేటప్పుడు జరిగే తప్పు అది. దాన్ని మేము క్లుప్తంగా రెగెక్స్ అంటాము, ఆ సూత్రాన్ని ప్యాటర్న్ అంటాము. ఇది ప్రోగ్రామర్ల గదిలో ఉండిపోయే విషయమైతే మీ పత్రికకు ఉత్తరం రాసి ఉండేదాన్ని కాదు. పట్టాలు, పన్ను రశీదులు, హాల్‌టికెట్లు, పింఛను వివరాలు అన్నీ లింకుల రూపంలోనే ఇంటికి వస్తున్న ఈ రోజుల్లో ఇది అందరి విషయమైంది.

జరిగింది ఇది. వెబ్ చిరునామాలో స్లాష్ అంటే ఒక అర నుంచి లోపలి అరలోకి వెళ్లే గుమ్మం. లింకు తయారు చేసిన ప్రోగ్రాము సర్వే నంబరును ఉన్నది ఉన్నట్టుగా చిరునామాలో అతికించింది. కాబట్టి ఆ చిరునామా "/సర్వే/148/2" అని ముగిసింది. దాన్ని అందుకున్న సర్వరులో ఉన్న ప్యాటర్న్, "సర్వే తర్వాత వచ్చే స్లాష్ మొదలు, మళ్లీ స్లాష్ వచ్చే దాకా ఉన్న అంకెలే నంబరు" అని చెబుతోంది. అది 148ని తీసుకుంది. మిగిలిన 2ను ఎవరూ పట్టించుకోలేదు. రాసినవారు పరీక్షించి చూడలేదని నేను అనను. చూసే ఉంటారు, కాని భాగాలు పడని నంబర్లతో చూసి ఉంటారు. డెల్టాలో భూమి తరతరానికీ ముక్కలవుతూ వస్తున్నది కాబట్టి మా వైపు స్లాష్ లేని సర్వే నంబరు వెతికితే గాని దొరకదు. ఇంటి నంబర్లదీ అదే తీరు: 6-3-14/1 వంటివి ప్రతి వీధిలో ఉంటాయి. మన రికార్డుల్లో స్లాష్ అనేది పేరులో భాగం, కంప్యూటరుకు అదే గుర్తు సరిహద్దు. ఈ రెండింటికీ పొత్తు కుదరదని ముందే తెలుసుకోకుండా రాసిన ఏ ప్యాటర్న్ అయినా ఏదో ఒక రోజు ఎవరి పొలాన్నో మాయం చేస్తుంది.

దీనికి విరుగుడు ఎప్పటి నుంచో ఉంది. చిరునామా వ్యాకరణంలో ప్రత్యేకమైన అర్థం ఉన్న గుర్తును మామూలు అక్షరంగా పంపాలంటే దాన్ని శాతం గుర్తుతో మార్చి రాయాలి. స్లాష్ అయితే %2ఎఫ్ అవుతుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. అపాచీ అనే వెబ్ సర్వరు ప్రోగ్రాము మామూలు అమరికలో, పాత్ భాగంలో అలా మార్చి రాసిన స్లాష్ కనిపిస్తే ఆ చిరునామాను "దొరకలేదు" అని తిప్పి పంపుతుంది. అందుచేత స్లాష్ ఉండే నంబరును పాత్‌లో పెట్టకుండా ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే క్వెరీ భాగంలో పెట్టడమే నయం. ఈ రెండు వాక్యాలు తెలిసిన వ్యక్తి ఆ బృందంలో ఒక్కరున్నా మా బాబాయి గారికి ఆ ప్రయాస తప్పేది.

రెగెక్స్ చెడ్డదని నా అభిప్రాయం కాదు. 1950లలో స్టీఫెన్ క్లీన్ అనే గణిత శాస్త్రవేత్త నాడీకణాల వలలను గురించి ఆలోచిస్తూ కట్టిన చిన్న బీజగణితం అది. 1968లో కెన్ థాంప్సన్ దాన్ని పాఠ్యంలో వెతికే పనిముట్టుగా మార్చారు. ఆ తర్వాత యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గ్రెప్ అనే వెతుకులాట ఆదేశం ద్వారా ప్రపంచమంతా పాకింది. "ఇది మళ్లీ మళ్లీ రావచ్చు" అని చెప్పే నక్షత్రం గుర్తును ఇప్పటికీ క్లీన్ స్టార్ అంటారు. వరుసగా వచ్చే గుర్తుల్లో ఒక ఆకారాన్ని పట్టుకోవడానికి ఇంత పొందికైన పనిముట్టు మరొకటి లేదు. చిక్కంతా, దేన్ని విడదీస్తున్నామో దాని నిర్మాణం తెలియకుండా ఎక్కడో దొరికిన ప్యాటర్న్‌ను తెచ్చి అతికించడంలో ఉంది.

తరగతిలో నేను పాత్‌ను కాలువల లెక్కన చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీరు ఒక చేనుకు చేరాలంటే ఏ ప్రధాన కాలువ, దానిలో ఏ పంట కాలువ, ఏ తూము, ఏ బోదె అన్నది వరుసగా చెప్పాలి; వరుస తప్పితే నీరు వేరే చేనుకు పోతుంది. ఫైలు పాత్ కూడా అలాంటి వరుసే. ఉదాహరణకు "/తూర్పు గోదావరి/అమలాపురం/148-2/పట్టా" అనే పాత్‌లో మొదటి అర పేరు కావాలనుకుందాం. రెండు స్లాష్‌ల మధ్య ఉన్నది ఇవ్వమని విద్యార్థులు దాదాపు అందరూ మొదట /(.*)/ అని రాస్తారు. చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. నక్షత్రం అంటే ఎన్నైనా సరే. ఇక్కడ నక్షత్రానికి ఆశ ఎక్కువ: అది ముందు పాత్ చివరి దాకా అంతా మింగి, ఆ తర్వాత తప్పనిసరై ఒక్కొక్క అక్షరమే వెనక్కి వదులుతూ, చివరి స్లాష్ దగ్గర ఆగుతుంది. చేతికి వచ్చేది "తూర్పు గోదావరి/అమలాపురం/148-2" అనే మూడు అరల ముద్ద. నక్షత్రం పక్కన ప్రశ్న గుర్తు పెడితే ఆశ తగ్గి మొదటి స్లాష్ దగ్గరే ఆగుతుంది, నిజమే. కాని అసలు చెప్పవలసిన మాట [^/]+ అన్నది. "స్లాష్ కానిది ఏదైనా, ఒకటి గాని అంతకు మించి గాని" అని దాని అర్థం. మొదటి పద్ధతి ఎక్కడ ఆగాలో ఊహిస్తుంది, రెండవది ఏది దాటరాదో చెబుతుంది. తేడా అదే. అది అర్థమైన రోజు విద్యార్థి ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది.

ఇక నా సొంత అనుభవం చెబుతాను. కొన్నేళ్ల కిందట మా ప్రాంతంలోని ఒక గ్రంథాలయం కోసం పాత రశీదులనూ రిజిస్టర్లనూ స్కాన్ చేసి భద్రపరిచే పనికి నేను పూనుకున్నాను. అక్కడి విండోస్ కంప్యూటరులో ఊరికొక ఫోల్డరు ఉండేది, పేర్లు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో ఉండేవి. వాటన్నిటినీ మరో చోటికి సర్దడానికి పైథాన్ అనే ప్రోగ్రాము భాషలో ఒక చిన్న ప్రోగ్రాము రాసి నడిపాను. కాకినాడ వచ్చింది, మండపేట వచ్చింది, పాలకొల్లు వచ్చింది. తణుకు, నరసాపురం, రాజోలు, భీమవరం, అమలాపురం రాలేదు. ఫోల్డర్లు కళ్లెదుట కనిపిస్తున్నాయి, ప్రోగ్రాము మాత్రం అవి లేవంటోంది. రాత్రి పదకొండు దాకా కూర్చుంటే గాని సంగతి బోధపడలేదు. విండోస్‌లో పాత్‌ను విడదీసేది బ్యాక్‌స్లాష్, అంటే తిరగేసిన స్లాష్ (\). ప్రోగ్రాము భాషల్లో అదే బ్యాక్‌స్లాష్‌కు వేరే పని ఉంది: తన తర్వాతి అక్షరానికి ప్రత్యేక అర్థం ఇస్తుంది. బ్యాక్‌స్లాష్ తర్వాత "టి" వస్తే ట్యాబ్, "ఎన్" వస్తే కొత్త పంక్తి, "ఆర్" వస్తే పంక్తి మొదటికి వెళ్లడం, "బి" వస్తే ఒక అడుగు వెనక్కి, "ఏ" వస్తే గంట మోత. తణుకు మొదటి అక్షరం ట్యాబ్‌లో కరిగిపోయింది, నరసాపురం రెండు పంక్తులుగా విరిగింది, అమలాపురం దగ్గర కంప్యూటరు గంట కొట్టమని అర్థం చేసుకుంది. మా డెల్టా పట్టణాల పేర్లలో సగం ఆ గుర్తులతోనే మొదలవుతాయని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

అంతటితో అయిపోలేదు. ద్రాక్షారామం ఫోల్డరు మామూలుగానే తెరుచుకుంది, కాని అందులోని ఫైళ్లను ఏరడానికి రాసిన రెగెక్స్‌కు ఒక్కటీ చిక్కలేదు. రెగెక్స్‌లో బ్యాక్‌స్లాష్ తర్వాత "డి" వస్తే "ఒక అంకె" అని అర్థం కాబట్టి, అది ద్రాక్షారామం బదులు ఏదో అంకెతో మొదలయ్యే ఊరి కోసం వెతికింది. పాలకొల్లు దగ్గర, బ్యాక్‌స్లాష్ తర్వాత "పి" ఏమిటో తెలియక పైథాన్ తప్పు అని చెప్పి ఆగిపోయింది. ఆగిపోయిన పాలకొల్లే నయమని ఇప్పటికీ అనుకుంటాను. ఆగిన చోట మనిషి చూస్తాడు. నోరు మెదపకుండా తప్పు జవాబు ఇచ్చే ద్రాక్షారామమే ప్రమాదం. ఈ చిక్కుకు మూలం 1983లో ఉంది. విండోస్‌కు ముందున్న ఎంఎస్-డాస్‌కు ఆ ఏడు వచ్చిన 2.0 రూపంలో ఫోల్డర్లు కొత్తగా చేరాయి; యూనిక్స్‌లో వాటిని విడదీసే స్లాష్ అప్పటికే డాస్ ఆదేశాల్లో వేరే పనికి వాడుకలో ఉండడం వల్ల తిరగేసిన స్లాష్‌ను తీసుకోవలసి వచ్చింది. ఏనాటి నిర్ణయమో దశాబ్దాల తర్వాత ఒక గ్రంథాలయం రశీదులకు అడ్డుపడింది.

ఫైలు పేర్లలోని చుక్క గురించి ఒక మాట. ఎక్స్‌టెన్షన్ (ఫైలు ఏ రకమో చెప్పే తోక) అంటే చివరి చుక్క తర్వాత ఉన్నది అని అందరూ అనుకుంటారు, [^.]+$ అని, అంటే "చివరి దాకా చుక్క కానిది ఏదైనా" అని రాసి ఊరుకుంటారు. మనం పశ్చిమ గోదావరిని ప.గో. అనీ తూర్పు గోదావరిని తూ.గో. అనీ రాసే అలవాటున్న వాళ్లం. "ప.గో/రశీదు" అనే పాత్ మీద ఆ ప్యాటర్న్ నడిపితే ఎక్స్‌టెన్షన్ "గో/రశీదు" అని వస్తుంది, ఎందుకంటే ఆ ఫైలుకు చుక్కే లేదు, చుక్క ఉన్నది ఫోల్డరు పేరులో. ముందు చివరి స్లాష్ దగ్గర తుంచి, ఫైలు పేరును వేరు చేసి, ఆ తర్వాతే చుక్క కోసం చూడాలి. దీనికి తోడు విండోస్ ఫోల్డరు పేరు చివర ఉన్న చుక్కను తీసేస్తుంది, లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ అలాగే ఉంచుతుంది. కాబట్టి లినక్స్‌లో "ప.గో." అయినది విండోస్‌లో "ప.గో" అవుతుంది. రెండు కార్యాలయాల మధ్య ఫైళ్లు మారేటప్పుడు ఇవి రెండు వేర్వేరు జిల్లాలుగా చలామణి కావడం నేను కళ్లారా చూశాను.

జిల్లాల మాట వచ్చింది కాబట్టి దాన్ని కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. అమలాపురం కోనసీమ జిల్లాకు కేంద్రమైంది. ఏలూరు వేరే జిల్లా అయ్యి, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరింది. పాత్‌లో జిల్లా పేరు పెట్టుకున్న ప్రతి పాత ఫైలుకూ ఆనాటి నుంచి రెండు అర్థాలు వచ్చాయి. "తూర్పు గోదావరి" అని మొదలయ్యే పాత్‌లను పట్టుకునే ప్యాటర్న్ అప్పుడూ పని చేసింది, ఇప్పుడూ పని చేస్తుంది. ఎక్కడా ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించదు. కాని పాత ఫైళ్లలో దానికి అమలాపురం దొరుకుతుంది, కొవ్వూరు దొరకదు. కొత్త ఫైళ్లలో కొవ్వూరు దొరుకుతుంది, అమలాపురం దొరకదు. తేదీ చూడకుండా రెంటినీ కలిపితే ఏ లెక్కకూ పొంతన ఉండదు. ప్యాటర్న్ అక్షరాలను మాత్రమే చూస్తుంది. ఆ అక్షరాల వెనుక ఉన్న ఊరు ఎటు కదిలిందో చూడవలసింది మనమే. మారే పేర్లను పాత్‌లో కట్టిపడేయకుండా, మారని గుర్తింపు సంఖ్యను పాత్‌లో ఉంచి, జిల్లా పేరును వేరే పట్టికలో పెట్టుకోవాలని ప్రతి కార్యాలయానికీ నా విన్నపం.

ఇప్పుడు వెబ్ చిరునామా. దాని వ్యాకరణాన్ని టిమ్ బెర్నర్స్-లీ, రాయ్ ఫీల్డింగ్, లారీ మాసింటర్ కలిసి 2005 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3986 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రంగా వెలువరించారు. ఆ పత్రం అనుబంధంలో, చిరునామాను దాని భాగాలుగా విడదీసే ఒక రెగెక్స్‌ను వాళ్లే ఇచ్చారు:

^(([^:/?#]+):)?(//([^/?#]*))?([^?#]*)(\?([^#]*))?(#(.*))?

చూడండి, ఇందులో ఒక్క అక్షరం లేదు, ఒక్క అంకె లేదు. ఏ భాషవారైనా ఒకే రకంగా చదువుకోవచ్చు. తొమ్మిది జతల బ్రాకెట్లున్నాయి. రెండవ జతలో చిరునామా ఏ పద్ధతిదో, నాలుగవ జతలో ఏ సర్వరుదో, అయిదవ జతలో పాత్, ఏడవ జతలో క్వెరీ, తొమ్మిదవ జతలో పేజీలోపలి గుర్తు వచ్చి చేరతాయి. ప్రతి చోటా "ఇది కానిది ఏదైనా" అన్న పద్ధతే వాడారు గాని ఆశపోతు నక్షత్రాన్ని చివర ఒక్కసారి తప్ప ఊరికే వదలలేదు. ఈ ఒక్క పంక్తిని బోర్డు మీద రాసి, ఒక్కో బ్రాకెట్‌ను విప్పుతూ నేను రెండు తరగతులు చెబుతాను. మరొక సంగతి కూడా చెబుతాను: ఇది చిరునామాను విడదీస్తుంది, అంతే. అది సరైన చిరునామా అవునా కాదా అన్న తీర్పు చెప్పదు. "గోదావరి వరద" అని ఇచ్చినా అది కాదనదు, మొత్తం పాత్ అని చెప్పి ఊరుకుంటుంది.

తీర్పు చెప్పడానికి ప్యాటర్న్‌ను వాడినప్పుడే మోసాలకు దారి పడుతుంది. చిరునామాలో బ్యాంకు పేరు ఎక్కడైనా కనిపిస్తే అది బ్యాంకుదే అనుకునే ప్యాటర్న్‌ను ఎవరైనా బోల్తా కొట్టించగలరు. సర్వరు పేరుకు ముందు @ గుర్తు ఉంటే, ఆ గుర్తుకు ఎడమవైపున ఉన్నది వాడేవారి పేరు మాత్రమే, అసలు సర్వరు కుడివైపున ఉంటుంది. బ్యాంకు పేరును ఎడమవైపు పెట్టి, తమ సర్వరును కుడివైపు పెట్టిన లింకులు అలా జారిపోతాయి. పాత్‌లోని రెండు చుక్కల సంగతీ ఇలాంటిదే. ".." అంటే ఒక మెట్టు పైకి అని అర్థం; "అనుమతి ఉన్న ఫోల్డరు పేరుతో మొదలైతే చాలు" అని చూసే ప్యాటర్న్ ముందు, అదే పేరుతో మొదలై నడుమ రెండు చుక్కలతో పైకెక్కి వేరే ఫోల్డరులోకి దిగే పాత్ ఉత్తముడిలా నిలబడుతుంది. ముందు ఆ మెట్లన్నిటినీ లెక్కగట్టి అసలు పాత్ తేల్చుకోవాలి, పరీక్ష తర్వాత. ఇంకొక సంగతి: బ్రౌజర్లు వెబ్ చిరునామాలో బ్యాక్‌స్లాష్ కనిపిస్తే దాన్ని స్లాష్‌గానే తీసుకుంటాయి, పై వ్యాకరణం మాత్రం అలా తీసుకోదు. పరీక్షించే ప్రోగ్రాము ఒకలా, తెరిచే బ్రౌజరు ఇంకోలా చదివిన చోట దొంగకు సందు దొరుకుతుంది.

తెలుగులో పేర్లు పెట్టే విషయం నా మనసుకు అన్నిటికంటే దగ్గరిది. చాలామంది అధ్యాపకులు ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టవద్దంటారు. నేను పెట్టాలంటాను, కాకపోతే ప్యాటర్న్‌ను తెలుగుకు తగినట్టు రాయాలంటాను. గోదావరి అనే మాటలో కంప్యూటరు లెక్కన ఏడు సంకేతాలున్నాయి: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి. పైథాన్‌లోని మామూలు రెగెక్స్‌లో "పదంలోని అక్షరం" అన్న గుర్తు హల్లులను ఒప్పుకుంటుంది, గుణింతపు గుర్తులను ఒప్పుకోదు. దాంతో గోదావరిని పదాలుగా విడదీయమంటే గ, ద, వర అని మూడు ముక్కలు చేతికి వస్తాయి. జావాస్క్రిప్ట్ అనే మరో ప్రోగ్రాము భాషలో ఆ గుర్తుకు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కింది గీత తప్ప మరేవీ అక్షరాలు కావు. అక్కడ గోదావరి అసలే లేదు. ఇది చూసి తెలుగు కంప్యూటరుకు పనికిరాదని విద్యార్థి అనుకుంటాడు. పనికిరానిది ఆ గుర్తు. దాని స్థానంలో, అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణం తెలుగుకు కేటాయించిన 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉన్న పరిధిని రాస్తే, లేదా మొదటి నుంచీ చెబుతున్నట్టు "స్లాష్ కానిది ఏదైనా" అని రాస్తే గోదావరి చెక్కుచెదరకుండా వస్తుంది.

అదే గోదావరి వెబ్ చిరునామాలోకి ఎక్కితే, ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు, వెరసి 63 గుర్తుల తోరణం అవుతుంది. చిరునామా ఇన్ని గుర్తులకు మించరాదని ప్యాటర్న్‌లో ఇంగ్లిషు లెక్కన పరిమితి పెట్టినవారు తెలుగు చిరునామాలను తెలియకుండానే బయటికి నెడుతున్నారు. ఇక కంటికి ఒకటిగా కనిపిస్తూ కంప్యూటరుకు రెండయ్యే పేర్లున్నాయి. తణుకు పక్కనున్న పైడిపర్రును తీసుకోండి. అందులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. పాత మ్యాక్ కంప్యూటర్లు ఫైలు పేర్లను ఆ రెండవ పద్ధతిలోనే దాచేవి. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక సంకేతం ఉంటుంది. అది ఒక ఫైలు పేరులో ఉండి మరొక దానిలో లేకపోతే వెతుకులాటలో రెండవది చిక్కదు. అందుకే పేర్లను పోల్చే ముందు కనపడని సంకేతాలను తీసేయాలి, అన్నిటినీ ఒకే రూపానికి తెచ్చే నార్మలైజేషన్ అనే మెట్టు తప్పనిసరి. తెలుగు అంకెల సంగతి కూడా ఇంతే: ౧౪౮ని పైథాన్ అంకెలుగా గుర్తిస్తుంది, జావాస్క్రిప్ట్ గుర్తించదు.

ప్యాటర్న్ తప్పు జవాబు ఇవ్వడమే కాదు, ఒక్కోసారి జవాబే ఇవ్వకుండా యంత్రాన్ని ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. 2019 జూలై 2న వెబ్‌సైట్లకు రక్షణ సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ సర్వర్లు ప్రపంచమంతటా 27 నిమిషాలు కుప్పకూలడానికి కారణం ఒక కొత్త నియమంలోని రెగెక్స్, అందులో, సులువు చేసి రాస్తే .*.*=.* అయ్యే ముక్క ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు ఆశపోతు నక్షత్రాలు ఉన్న అక్షరాలను నువ్వింత నేనింత అని ఎన్ని రకాలుగా పంచుకోవచ్చునో అన్ని రకాలూ ప్రయత్నిస్తూ పోతాయి, పాఠ్యం పొడవు పెరిగే కొద్దీ ఆ ప్రయత్నాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి. అంత పెద్ద సంస్థలోనే ఇలా జరిగితే, ఊరి సేవా కేంద్రంలో నడిచే చిన్న సర్వరు సంగతి వేరే చెప్పాలా?

ఈ ఉత్తరం ద్వారా నేను అడుగుతున్నది ఇది. డెల్టాలోని కళాశాలల్లో రెగెక్స్‌ను పరీక్షకు బట్టీ పట్టే రెండు మార్కుల ప్రశ్నగా కాకుండా, విద్యార్థి తన ఊరి చిరునామాలను విడదీసి చూసే ల్యాబు పనిగా పెట్టాలి. పాత్‌లనూ వెబ్ చిరునామాలనూ విడదీయడానికి పైథాన్‌లో పాత్‌లిబ్, యూఆర్ఎల్‌లిబ్, జావాస్క్రిప్ట్‌లో యూఆర్ఎల్ అనే ఆబ్జెక్టు సిద్ధంగా ఉన్నాయి; విడదీసే పని వాటికి అప్పగించి, విడిపోయిన ఒక్కో ముక్క ఆకారం చూడడానికి మాత్రమే రెగెక్స్‌ను వాడాలని అక్కడే నేర్పాలి. ప్రజలకు లింకులు పంపే కార్యాలయాలు, ఆ పని చేసిపెట్టే కాంట్రాక్టర్ల నుంచి సాఫ్ట్‌వేర్ తీసుకునే ముందు, స్లాష్ ఉన్న సర్వే నంబరుతో, తెలుగు పేరుతో, చుక్కలున్న ఫోల్డరుతో ఒక్కసారైనా నడిపి చూపించమని అడగాలి. మీ పత్రికలో వారం వారం వచ్చే విద్యా పేజీలో ఈ విషయానికి కొంత చోటిస్తే, ఆ మాట మేము చెప్పిన దానికంటే ఎక్కువ మందికి చేరుతుంది.

మా విద్యార్థులు ఈ ఏడాది అలాంటి చిరునామాలను ఒక పట్టికగా రాశారు. భాగాలు పడిన సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు, ప.గో., తూ.గో., రెండు రకాల పైడిపర్రు, తణుకు నుంచి ద్రాక్షారామం దాకా బ్యాక్‌స్లాష్ వెనుక నిలబడిన ఊళ్లు, అన్నీ కలిపి నలభై ఆరు పంక్తులున్నాయి. ఒక్కో దాని ఎదుట రావలసిన సరైన జవాబు కూడా రాసి ఉంది. ఏ కళాశాల అయినా, ఏ కార్యాలయం అయినా మీ ద్వారా అడిగితే ఉచితంగా పంపుతాము. బాబాయి గారికి లింకు పంపిన కార్యాలయానికి ఆ పట్టిక ఒక ప్రతిని గత సోమవారం నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. కౌంటరులో ఉన్న అబ్బాయి మొదటి పంక్తి చదివి, అక్కడే కంప్యూటరులో 148/2 కొట్టి చూసి, లోపలికి వెళ్లి ఇంకొకరిని పిలుచుకొచ్చాడు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ అధ్యాపకురాలు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.